తాళం తీసేవాడే దోచుకుంటే...

అన్యాయపు వసూళ్లపై కార్డుదారుకు ఉన్న రక్షణలు, లేని రక్షణలు

తాళం పడిన తలుపు ముందు నిలబడిన మనిషికి బేరమాడే తీరిక ఉండదు. తాళంచెవి ఎక్కడో జారిపోయి ఉంటుంది, లేదా అది లోపలే ఉండగా తలుపు దానంతటదే పడిపోయి ఉంటుంది. పొద్దుపోయిన వేళ, పక్కన చిన్నపిల్లలో వృద్ధులో ఉంటారు. ఆ స్థితిలో ఫోనులో వెతికితే మొదట కనిపించిన నంబరుకే పిలుపు వెళుతుంది. మూడు వందల రూపాయలు చాలునని అవతలి గొంతు హామీ ఇస్తుంది. అరగంట తరువాత వచ్చిన వ్యక్తి తాళాన్ని పగులగొట్టి, కొత్తది బిగించి, నాలుగున్నర వేలు అడుగుతాడు. ఇవ్వకపోతే కదలనంటాడు. గృహస్థు విధిలేక క్రెడిట్ కార్డు తీసి, యంత్రంలో పెట్టి, రహస్య సంఖ్య నొక్కి బయటపడతాడు.

ఈ తరహా వసూళ్లు నగరవాసులకు కొత్త కావు. తాళాలకే పరిమితమైనవీ కావు. రిఫ్రిజిరేటర్, వాషింగ్ మెషీన్, నీటి గొట్టాలు, విద్యుత్ వైరింగ్... అవసరం తొందరపెట్టే ప్రతి మరమ్మతులోనూ ఇదే కథ నడవగలదు. మరునాడు తీరికగా ఆలోచించుకున్న వినియోగదారుకు కలిగే సందేహం ఒక్కటే. కార్డు ద్వారా చెల్లించిన ఈ సొమ్మును తిరిగి రాబట్టుకునే మార్గం ఉన్నదా?

ఉన్నది. అయితే అది చాలామంది అనుకుంటున్న మార్గం కాదు. కార్డు నుంచి సొమ్మును దొంగిలించిన సందర్భంలో మన దేశపు నిబంధనలు ఖాతాదారు పక్షాన గట్టిగా నిలబడుతున్నాయి. అదే సొమ్మును ఒత్తిడి పెట్టి అతని చేతనే చెల్లింపజేసిన సందర్భంలో అవి బాగా బలహీనపడుతున్నాయి. ఈ రెండింటి నడుమ ఉన్న తేడా తెలియక, తప్పు తలుపు తట్టి, గడువులు దాటబెట్టుకుని నష్టపోయే అవకాశం ఎంతైనా ఉంది. దేశంలో వాడుకలో ఉన్న క్రెడిట్ కార్డుల సంఖ్య 2024 ఆరంభంలోనే 10 కోట్లు దాటిన నేపథ్యంలో ఈ విషయం కొద్దిమంది సంపన్నుల సమస్యగా మిగలలేదు.

మోసం సాగే తీరు

తాళాల పేరిట జరిగే మోసానికి ఒక క్రమం ఉన్నది. మొదటి అంకం ఫోనులోనే జరిగిపోతుంది. ధర అతి తక్కువగా చెబుతారు. దుకాణం పేరు, చిరునామా అడిగితే సమాధానం దాటవేస్తారు. పని చూస్తే గాని పూర్తి ఖర్చు చెప్పలేమన్న మాటను చివరలో, వినీ వినపడకుండా జోడిస్తారు.

రెండవ అంకం తలుపు వద్ద నడుస్తుంది. వచ్చిన వ్యక్తి తాళాన్ని ఒక్కసారి తడిమి చూసి, ఇది చాలా గట్టి రకమనీ, డ్రిల్లింగ్ యంత్రంతో తొలచక తప్పదనీ ప్రకటిస్తాడు. ఇళ్లకు వాడే మామూలు తాళాలలో అధికభాగాన్ని పనితనం ఉన్నవాడు పాడుచేయకుండానే తెరవగలడు. తాళాన్ని తొలచడం చివరి ఉపాయమే గాని మొదటిది కాదు. కానీ తొలిస్తేనే కొత్త తాళం అమ్ముడుపోతుంది. ఆ కొత్త తాళానికి బజారు ధర కంటే అనేక రెట్లు వేయడం మూడవ అంకం. అప్పటికి పాత తాళం ముక్కలై ఉంటుంది, తలుపు తెరిచి ఉంటుంది, గృహస్థుకు కాదనే అవకాశం ఉండదు.

ఇంతకంటే ప్రమాదకరమైన పద్ధతి మరొకటి ఉన్నది. తాళాలు బాగుచేస్తామని వీధుల్లో కేకలు వేస్తూ తిరిగేవారిని ఇంట్లోకి పిలిచి బీరువా లాకరు చూపించినప్పుడు ఇది జరుగుతుంది. నూనె తెమ్మనో, తాళంచెవిని పొయ్యి మీద వేడి చేయమనో ఇంటివారిని వంటగదిలోకి పంపుతారు. ఆ కొద్ది వ్యవధిలో నగలు మాయమవుతాయి. లాకరును కొన్ని గంటలపాటు తెరవవద్దని చెప్పి వెళ్లడం వల్ల దొంగతనం బయటపడేసరికి ఆ వ్యక్తులు ఊరు దాటిపోతారు. వివిధ రాష్ట్రాల నగరాలలో పోలీసులు ఈ తరహా కేసులు నమోదు చేస్తూనే ఉన్నారు.

నిజాయితీపరులకూ నష్టమే

తాళాల పనివారందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ పట్టణం తాళాల తయారీకి పెట్టింది పేరు. తమిళనాడులోని దిండిగల్ తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. గోద్రెజ్ సంస్థ ప్రస్థానం కూడా 1897లో తాళాల తయారీతోనే మొదలయింది. ఇంత చరిత్ర ఉన్న ఈ వృత్తిలో పేవ్‌మెంటు మీద చిన్న పెట్టెతో కూర్చుని, పది ఇరవై ఏళ్లుగా ఒకే కూడలిలో మారు తాళంచెవులు చేసి ఇచ్చే పనివారు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. చిరునామా లేని ఫోను నంబర్ల పోటీ వల్ల మొదట దెబ్బతినేది వారే.

ఈ వృత్తికి దేశవ్యాప్తమైన లైసెన్సు విధానం లేదు. అయితే వచ్చినవాడెవరో తెలుసుకునేందుకు ఉపకరించే ఆధారాలు రెండు ఉన్నాయి. వీధి విక్రయదారుల చట్టం 2014లో వచ్చింది. వీధిలో సరకులు అమ్మేవారినే గాక సేవలు అందించేవారిని కూడా అది తన పరిధిలోకి తీసుకుని, వారికి విక్రయ ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు చేసింది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 18 సంప్రదాయ వృత్తులకు వర్తిస్తుంది. తాళాల తయారీ పని వాటిలో ఒకటి. నమోదైన పనివారికి ధ్రువపత్రం, గుర్తింపు కార్డు ఇస్తారు. వీటిలో ఏదో ఒకటి చూపమని అడగడం పనివానిని అవమానించడం కాదు. నిజమైన పనివాడు చూపగలడు, అది లేకపోయినా తన దుకాణం ఎక్కడున్నదీ చెప్పగలడు.

దొంగతనం వేరు, దబాయింపు వేరు

కార్డుపై పడిన అన్యాయపు మొత్తాలు రెండు తరగతులు. కార్డుదారుకు తెలియకుండా, అతని అనుమతి లేకుండా జరిగిన లావాదేవీ మొదటిది. కార్డు పోయి ఇతరుల చేతిలో పడడం, దాని వివరాలు ఎక్కడో లీకు కావడం, నకిలీ కార్డు తయారు కావడం ఇందులోకి వస్తాయి. అతడే స్వయంగా చెల్లించినా సేవ లోపభూయిష్టంగా ఉండడం, చెప్పిన ధర ఒకటి, తీసుకున్నది మరొకటి కావడం రెండవది. తాళాల ఉదంతం సాధారణంగా ఈ రెండవ తరగతికే చెందుతుంది. రహస్య సంఖ్య నొక్కింది కార్డుదారే గనుక బ్యాంకు దృష్టిలో అది అనుమతి పొందిన లావాదేవీ. దాన్ని మోసపు లావాదేవీగా ఫిర్యాదు చేస్తే బ్యాంకు తిరస్కరించడం ఖాయం. అప్పటికి నెల గడిచిపోతుంది.

మొదటి తరగతి విషయంలో భారతీయ రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన ఉత్తర్వు ఖాతాదారులకు పెద్ద అండ అయింది. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారుపై ఎటువంటి భారమూ పడరాదని అది నిర్దేశించింది. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడవ పక్షానిదైన సందర్భంలో, సమాచారం అందిన తరువాత మూడు పనిదినాలలోగా ఫిర్యాదు చేసినవారు పైసా నష్టపోనక్కరలేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలలో ఫిర్యాదు చేస్తే పరిమిత భారం ఉంటుంది. 5 లక్షల రూపాయల లోపు పరిమితి గల క్రెడిట్ కార్డులకు ఇది గరిష్ఠంగా 10,000 రూపాయలు, అంతకు పైబడిన వాటికి 25,000 రూపాయలు. ఏడు రోజులు దాటితే బ్యాంకు తన పాలకమండలి ఆమోదించిన విధానాన్ని అనుసరిస్తుంది. ఫిర్యాదు అందిన 10 పనిదినాలలో వివాదాస్పద మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాకు జమ చేయాలనీ, 90 రోజులలో వ్యవహారం తేల్చాలనీ, ఖాతాదారుదే తప్పని నిరూపించే బాధ్యత బ్యాంకుదేననీ ఆ ఉత్తర్వు స్పష్టం చేసింది.

రహస్య సంఖ్యనో, ఓటీపీనో తానే ఇతరులకు చెప్పిన ఖాతాదారు మాత్రం బ్యాంకుకు తెలియజేసేంత వరకు జరిగిన నష్టాన్ని తానే భరించాలి. తెలియజేసిన క్షణం నుంచి జరిగే నష్టం బ్యాంకుది. అందువల్ల ప్రతి గంటా విలువైనదే. రిజర్వు బ్యాంకు తన నిబంధనలను ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటుంది గనుక, తమ బ్యాంకు ప్రస్తుతం అనుసరిస్తున్న విధానాన్ని ముందే చదివి ఉంచుకోవడం మేలు.

ఛార్జ్‌బ్యాక్ అనే దారి

రెండవ తరగతి వివాదానికి ఉన్న దారి ఛార్జ్‌బ్యాక్. ఇది చట్టం ఇచ్చిన హక్కు కాదు. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి కార్డు వ్యవస్థలు తమ సభ్య బ్యాంకులకు విధించిన నియమం. కార్డు జారీ చేసిన బ్యాంకు ఆ మొత్తాన్ని వెనక్కి ఇవ్వవలసిందిగా వ్యాపారి బ్యాంకును కోరుతుంది. వ్యాపారి తన ఆధారాలు చూపాలి. చూపలేకపోతే సొమ్ము తిరిగి వస్తుంది. చూపితే, కార్డుదారు ఆధారాలతో వాటిని పోల్చి నిర్ణయిస్తారు.

ఇందులో నెగ్గడానికి ఆవేశం పనికిరాదు, కాగితం కావాలి. ‘మోసపోయాను, న్యాయం చేయండి’ అన్న లేఖకు విలువ తక్కువ. ‘బిల్లుపై 900 రూపాయలు ఉండగా యంత్రంలో 4,500 కొట్టారు’, ‘తాళం బాగుచేస్తామని చెప్పి పగులగొట్టారు, కొత్త తాళం రెండు రోజులకే పనిచేయడం మానేసింది’ అన్న లేఖకు విలువ ఎక్కువ. మొత్తం తప్పుగా వేయడం, చెప్పిన సేవ అందకపోవడం, అందిన సేవ చెప్పిన దానికి భిన్నంగా ఉండడం వంటి నిర్దిష్టమైన కారణాలనే కార్డు వ్యవస్థలు గుర్తిస్తాయి. ధర ఎక్కువన్న ఒక్క ఫిర్యాదు సాధారణంగా నిలవదు. ముందు చెప్పిన ధరకు ఆధారం ఉంటేనే అది వివాదంగా రూపుదిద్దుకుంటుంది.

ఫోనులో చెప్పిన ధరను సందేశం రూపంలో పంపమని అడగడం, పగిలిన తాళాన్ని పారవేయక దాచడం, పని జరిగిన చోటును ఫొటో తీయడం, అదే తాళానికి దుకాణంలో ఉన్న ధర తెలిపే కాగితం సంపాదించడం, మరొక తాళాల పనివాని చేత రాతపూర్వకమైన అభిప్రాయం తీసుకోవడం ఇందుకు తోడ్పడతాయి. వ్యాపారికి ముందుగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, స్పందన లేదని చూపడం కూడా ముఖ్యమే. సేవలపై వివాదాలకు వీసా, మాస్టర్‌కార్డ్ నియమాలలో సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. బ్యాంకులు తమ ఖాతాదారులకు అంతకంటే తక్కువ గడువు పెట్టవచ్చు గనుక స్టేట్‌మెంటు చేతికి అందిన వారంలోనే కదలడం శ్రేయస్కరం.

వివాదంలో ఉన్న సొమ్ము కట్టాలా?

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తున్నారు. కోపంతో బిల్లు మొత్తాన్నే కట్టడం మానేస్తారు. నెలకు మూడున్నర శాతం వడ్డీ వేసే కార్డుపై 4,500 రూపాయలు నిలిపివేస్తే నెల తిరిగేసరికి 157 రూపాయల 50 పైసలు వడ్డీ పడుతుంది. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 185 రూపాయల 85 పైసలు. పూర్తి బకాయి తీర్చని నెలలో కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని వ్యవధి కూడా సాధారణంగా రద్దవుతుంది. క్రెడిట్ కార్డులపై 30 శాతానికి మించి వడ్డీ వేయరాదంటూ జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసిన సంగతి గుర్తుంచుకోవాలి.

రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న వెలువరించిన కార్డుల ఆదేశాలు కొంత ఊరట కలిగించాయి. మోసంగా ఫిర్యాదు చేసిన లావాదేవీపై వివాదం తేలేవరకు ఎటువంటి ఛార్జీలూ వేయరాదన్నాయి. ఏ బిల్లునైనా కార్డుదారు ప్రశ్నిస్తే 30 రోజులలోగా వివరణ, అవసరమైన చోట పత్రాల ఆధారం ఇవ్వాలన్నాయి. గమనించవలసినదేమంటే, ఛార్జీలు వేయరాదన్న మొదటి రక్షణ మోసానికే వర్తిస్తుంది. సేవ బాగోలేదన్న వివాదానికి ఆ పదం విస్తరించలేదు. అందుకే వివాదం లేని మొత్తాన్ని గడువులోగా చెల్లించి, వివాదంలో ఉన్న మొత్తం గురించి మాత్రం బ్యాంకును రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం సురక్షితం. మొత్తం చెల్లించినంత మాత్రాన ఫిర్యాదు చేసే అవకాశం పోదు. నెగ్గితే ఆ సొమ్ము ఖాతాలో జమ అవుతుంది.

మెట్టు తరువాత మెట్టు

బ్యాంకు ఫిర్యాదును తోసిపుచ్చినా, 30 రోజులలో సమాధానం ఇవ్వకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2021 నవంబరు 12న దేశమంతటికీ ఒకే అంబుడ్స్‌మన్ విధానం వచ్చిన తరువాత ఏ నగరంలోని కార్యాలయానికి వెళ్లాలన్న సమస్య తీరిపోయింది. ఫిర్యాదుకు రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. అయితే అంబుడ్స్‌మన్ విచారించేది బ్యాంకు సేవలోని లోపాన్నే గాని, తాళాల పనివాని తప్పును కాదు. ‘ఆధారాలన్నీ ఇచ్చినా నా బ్యాంకు ఛార్జ్‌బ్యాక్ కోరలేదు’ అన్నది అక్కడ నిలిచే ఫిర్యాదు. ‘పనివాడు ఎక్కువ తీసుకున్నాడు’ అన్నది నిలవదు.

పనివానిపైనా, అతణ్ణి పంపిన సంస్థపైనా ఫిర్యాదుకు వేదిక వినియోగదారుల కమిషన్. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. అందించిన సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్నే అది అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. ఫిర్యాదుదారు తాను నివసించే, లేదా పనిచేసే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించని కేసులకు రుసుము లేదు. కేసు వేయడానికి రెండు సంవత్సరాల గడువు ఉన్నది. అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ద్వారా రాజీ ప్రయత్నం చేయవచ్చు. చాలా చిన్న వివాదాలకు అదే త్వరితమైన మార్గం.

పనివాణ్ణి ఏదైనా ఆన్‌లైన్ సేవా సంస్థ పంపి ఉంటే వినియోగదారు పరిస్థితి మరింత మెరుగు. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం అటువంటి సంస్థ ఫిర్యాదుల అధికారి పేరును ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. మొదట తక్కువ ధర చూపి చివరలో అదనపు మొత్తాలు బయటపెట్టడాన్ని 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాలు నిషిద్ధ పద్ధతులలో చేర్చాయి.

బెదిరింపు, నిర్బంధం, దొంగతనం జరిగితే అది వినియోగదారుల వివాదం పరిధిని దాటిపోతుంది. డబ్బు ఇచ్చేవరకు వదలనంటూ తలుపుకు అడ్డంగా నిలిచినవానిపై 112 నంబరుకు ఫోను చేయడానికి సంకోచించనక్కరలేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో బలవంతపు వసూలు 308వ సెక్షను కిందికి, వంచన 318వ సెక్షను కిందికి వస్తాయి. కార్డు నుంచి తెలియకుండా సొమ్ము పోతే బ్యాంకుతో పాటు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే తెలపాలి. సొమ్ము మరొక ఖాతాకు మళ్లకముందే నిలిపివేయించడానికి ఉన్న అవకాశం మొదటి గంటలలోనే ఎక్కువ.

రెండవ ఉచ్చు

అన్యాయపు వసూలుకు గురైనవాడు ఆ ఆందోళనలోనే మరొక వలలో పడే ప్రమాదం ఉన్నది. కార్డు ఫిర్యాదు కోసం బ్యాంకు నంబరును కూడా ఫోనులోనే వెతుకుతాడు. అక్కడ కనిపించే నంబర్లలో నేరస్థులు పెట్టినవి కూడా ఉంటాయి. 2018లో మహారాష్ట్రలో ఒక ప్రభుత్వరంగ బ్యాంకు శాఖల నంబర్లను ఇంటర్నెట్ పటంలో మార్చివేసి ఖాతాదారులను మోసగించిన ఉదంతం వెలుగుచూసింది. సొమ్ము వాపసు ఇస్తామంటూ ఏదో యాప్‌ను ఫోనులో పెట్టించుకోమన్నా, ఓటీపీ అడిగినా అది బ్యాంకు కాదని వెంటనే గ్రహించాలి. కార్డు వెనుక ముద్రించిన నంబరు ఒక్కటే నమ్మదగినది. దానిని వేరే చోట రాసి ఉంచుకోవాలి.

ఇతర దేశాల అనుభవం

తాళాల మోసం అమెరికాలో వ్యవస్థీకృత రూపం దాల్చింది. లేని చిరునామాలతో వేలాది దుకాణాల పేర్లు ఇంటర్నెట్‌లో సృష్టించి, పిలుపులన్నీ ఒకే కేంద్రానికి మళ్లించే ముఠాలు అక్కడ పనిచేశాయి. నకిలీ పేర్లను చూపుతున్నాయంటూ గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూలపై నిజమైన తాళాల దుకాణాలవారు వేసిన దావాను వాషింగ్టన్ అప్పీలు కోర్టు 2019 జూన్‌లో నిరాకరించింది. ఆరేళ్ల తరువాత, 2025 మార్చిలో గూగుల్ సంస్థే సుమారు పది వేల నకిలీ వ్యాపార వివరాలను తొలగించి, వాటి వెనుక ఉన్నవారిపై కోర్టుకెక్కింది. టెక్సాస్‌లోని ఒక తాళాల దుకాణం ఇచ్చిన ఫిర్యాదే ఆ విచారణకు మూలం.

అక్కడి కార్డుదారుకు మాత్రం చట్టం నేరుగా అండగా ఉన్నది. 1974లో వచ్చిన ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ప్రకారం స్టేట్‌మెంటు పంపిన 60 రోజులలోగా బిల్లులోని తప్పును రాతపూర్వకంగా తెలిపితే, వివాదం తేలేవరకు ఆ మొత్తాన్ని నిలిపి ఉంచవచ్చు. రెండు బిల్లుల కాలంలో, మొత్తంమీద 90 రోజులలోగా, కార్డు సంస్థ తేల్చాలి. సేవ నాణ్యతపై వివాదమైతే, కొనుగోలు 50 డాలర్లకు మించి, సొంత రాష్ట్రంలో లేదా నివాసానికి 100 మైళ్ల లోపు జరిగి ఉంటే, ఇంకా చెల్లించని మొత్తం మేరకు వ్యాపారిపై చూపగల వాదాన్నే కార్డు సంస్థపైనా చూపవచ్చు. చదువు కోసం, ఉద్యోగాల కోసం అక్కడ స్థిరపడిన తెలుగువారు ఈ 60 రోజుల గడువును గుర్తుంచుకోవడం అవసరం.

అదే 1974లో బ్రిటన్ చేసిన వినియోగదారుల రుణ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. దాని 75వ సెక్షను ప్రకారం 100 పౌండ్లకు పైబడి 30,000 పౌండ్లకు మించని ధర గల కొనుగోలులో వ్యాపారి మాట తప్పితే, కార్డు సంస్థ అతనితో సమానంగా బాధ్యత వహిస్తుంది. వ్యాపారి పారిపోయినా, దివాళా తీసినా వినియోగదారు కార్డు సంస్థ నుంచే పరిహారం కోరవచ్చు.

మన దేశంలో ఈ సూత్రం చట్టరూపం దాల్చలేదు. 1981లోనే ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డులు ప్రవేశపెట్టిన దేశం ఇది. నాలుగు దశాబ్దాలు గడిచినా, అనుమతితో చెల్లించిన అన్యాయపు సొమ్ము విషయంలో కార్డుదారు ప్రైవేటు వ్యవస్థల నియమాలపైనే ఆధారపడవలసి వస్తున్నది. ఆ నియమాల కింద అతడు తానుగా ఏమీ కోరలేడు. అతని తరఫున కోరవలసింది బ్యాంకే.

కార్డు మేలా, నగదు మేలా?

ఈ లోపాలన్నీ ఉన్నప్పటికీ తెలియని వ్యక్తికి చెల్లించేటప్పుడు క్రెడిట్ కార్డే మెరుగైన సాధనం. నగదు ఇస్తే జాడ ఉండదు. యూపీఐ ద్వారా స్వయంగా పంపిన సొమ్ము క్షణంలో అవతలి ఖాతాకు చేరిపోతుంది. ఒక వ్యక్తి సొంత ఖాతాకు ఇష్టపూర్వకంగా పంపిన దాన్ని సేవ బాగోలేదన్న కారణంతో వెనక్కి రప్పించడం బహు కష్టం. క్రెడిట్ కార్డులో ఖర్చయ్యేది ముందుగా బ్యాంకు సొమ్ము. వ్యాపారికి యంత్రం ఇచ్చిన బ్యాంకు దగ్గర అతని పేరు, చిరునామా నమోదై ఉంటాయి. కార్డు వద్దు, నగదే కావాలని పట్టుబట్టే పనివాణ్ణి అనుమానించడానికి అది ఒక్కటే చాలకపోవచ్చు గాని, బిల్లు కూడా ఇవ్వనంటే జాగ్రత్తపడవలసిందే.

చెల్లించే ముందు యంత్రంపై కనబడే అంకెను చదవాలి. 5,000 రూపాయల వరకు రహస్య సంఖ్య లేకుండానే కార్డును తాకించి చెల్లించే సౌకర్యం 2021 జనవరి 1 నుంచి ఉన్నది గనుక కార్డును ఇతరుల చేతికి ఇవ్వరాదు. బలవంతం మీద చెల్లించవలసి వస్తే బిల్లుపై ‘అభ్యంతరంతో చెల్లించాను’ అని రాసి సంతకం చేసి, దాని ఫొటో తీసుకోవడం తరువాతి వివాదానికి ఆధారమవుతుంది.

అన్నిటికంటే చవకైన జాగ్రత్త ముందుచూపు. కూడలిలోని తాళాల పనివాని నంబరు అవసరం పడకముందే రాసి ఉంచుకోవడం, ఒక మారు తాళంచెవిని నమ్మకమైన బంధువు ఇంట ఉంచడం ఖర్చు లేని పనులు. వినియోగదారు చేయగలిగినది ఇంతవరకే. అతని చేత బలవంతంగా చెల్లింపజేసిన సొమ్ముకు, అతనికి తెలియకుండా తీసిన సొమ్ముతో సమానమైన రక్షణ కల్పించడం మాత్రం శాసనకర్తల పని. వివాదం తేలేవరకు ఛార్జీలు వేయరాదన్న నియమాన్ని సేవల వివాదాలకూ విస్తరించడం అందులో మొదటి మెట్టు కాగలదు. కార్డు ద్వారా చెల్లించమని ప్రోత్సహించిన వ్యవస్థ, ఆ చెల్లింపు అన్యాయమైనప్పుడు కార్డుదారును ఒంటరిగా వదిలివేయడం సమంజసం కాదు.